గుడారంలో ఇంటిదొంగ

వానలో గుడారం లోపల తడిసిందంటే అది కారిందనే అర్థమని మనవాళ్లలో ఒక గట్టి నమ్మకం పాతుకుపోయింది. అంగళ్లవాళ్లు ఆ నమ్మకానికి పాదుచేసి నీళ్లు పోస్తున్నారు. అది వాళ్ల వ్యాపారం, వాళ్లను అని లాభం లేదు. కానీ బడిలో నీటియావిరి పాఠం చదువుకొని, ఆ తరువాత ఇంజనీరింగు కూడా ముగించుకొని వచ్చిన మన మిత్రులు సైతం "పోయినసారి మూడువేలది కొన్నాం, ఈసారి ఐదువేలది కొందాం" అంటూ ఏడాదికొక కొత్త గుడారం మోసుకురావడం చూస్తూ నోరు మెదపకుండా ఉండడం నావల్ల కావడం లేదు. ఈ టపా వారిమీద ఫిర్యాదు. కోపం వచ్చినవారు వ్యాఖ్యల్లో తీర్చుకోవచ్చు, నేను చెరపను.

నా వాదం ఇంతే. సరిగ్గా నిలబెట్టిన గుడారంలో మనం చూసే తడిలో అధికభాగం మబ్బులోంచి రాదు, మనలోంచి వస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకునే మాట అటుంచి, మనం ఆ దొంగను లోపల కూర్చోబెట్టుకొని, నాలుగు చినుకులు పడగానే జిప్పులన్నీ బిగించి, గాలికంతలన్నీ మూసి, వాడు బయటికి పారిపోకుండా రాత్రంతా కాపలా కాస్తున్నాం.

నేను ముఖ్యంగా మాట్లాడుతున్నది ఇంగ్లండుకు వాయవ్యమూలనున్న లేక్ డిస్ట్రిక్టు గురించి. ఈ దేశంలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి వేసవి సెలవుల్లో గుడారాలు కట్టుకొని అక్కడికి బయల్దేరడం ఇప్పుడు మామూలైంది. ఆ కొండల నడుమ సీథ్‌వెయిట్ అనే పల్లె ఉంది. (పేరులో సీత ఉందని మురిసేవారికి మనవి: దానికీ జానకీదేవికీ ఏ సంబంధమూ లేదు.) ఇంగ్లండులో మనుషులు కాపురముండే చోట్లలో ఎక్కువ వాన పడేది అక్కడేనంటారు. ఏడాదికి 3000 మి.మీ. పైమాటే, అనగా మన తెలుగునాట సగటున పడేదానికి మూడింతలు. 2009 నవంబరులో అక్కడ ఒక్కరోజులో 316 మి.మీ. కురిసింది. 2015 డిసెంబరు తుపానులో ఆ పక్కనే ఉన్న హోనిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మి.మీ. పడి ఆ రికార్డును చెరిపేసింది. ఇటువంటి సీమలో గుడారం వేసేవాడికి మబ్బు మీద అనుమానం కలగడం సహజమే. ఆ అనుమానం చాటున అసలు దొంగ తప్పించుకుంటున్నాడన్నదే నా గోడు.

ముందు ఆ మూడువేలు, ఐదువేల సంగతి తేల్చుకుందాం. గుడారపు గుడ్డమీద గొట్టం నిలబెట్టి నీరు పోస్తూ పోతారు. ఎంత ఎత్తున నీరు నిలిచినప్పుడు గుడ్డ అవతలివైపు చుక్కలు మొలుస్తాయో ఆ ఎత్తును మిల్లీమీటర్లలో రాస్తారు. 3000 అంటే మూడు మీటర్ల నీటిస్తంభమన్నమాట. బ్రిటన్‌లో 1500 ఉంటే నీరు చొరనిదని చెప్పి అమ్ముకోవడం వాడుక. వానచినుకు వేగంగా వచ్చి తగులుతుంది, గాలివానలో మరీ గట్టిగా తగులుతుంది, కాదనను. ఐనా కుట్లు బాగుండి, పూత చెడకుండా, బిగువుగా కట్టిన గుడ్డ ఆ అంకెతోనే ఇక్కడి వేసవివానలను నిబ్బరంగా కాచుకుంటుంది. ఆ అంకె నిజంగా అక్కరకొచ్చేది నెత్తిమీద కాదు, కాళ్లకింద. డెబ్భై కిలోల మనిషి మోకాళ్ల మీద నిలబడ్డాడనుకోండి. రెండు మోకాళ్లూ కలిసి నూరు చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతున్నాయనుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 700 గ్రాముల బరువు. నీటిస్తంభం లెక్కలో అది ఏడు మీటర్లు, అంటే 7000! నానిన నేలమీద, పలుచని అడుగుగుడ్డ గల గుడారంలో, మోకరించి సామాను సర్దుకునేవాడి కింద నీరు పైకి చెమ్మగిలిందంటే ఆశ్చర్యమేముంది? అంకెలమీద అంత మోజున్నవారు కప్పు అంకె కాదు, నేల అంకె అడగాలి. నేనెరిగినంతలో ఒక్కరూ అడగరు.

ఇక దొంగ దగ్గరికి వద్దాం. మనిషి ఊరికే పడుకొని ఊపిరి పీల్చుకుంటున్నా ఊపిరిలోనూ చర్మం నుంచీ కలిపి గంటకు సుమారు 30 గ్రాముల నీరు ఆవిరిగా వదులుతాడు. చెమట పట్టనప్పటి మాట ఇది. ఇద్దరు పడుకుంటే గంటకు 60 గ్రాములు. ఎనిమిది గంటల నిద్రకు దాదాపు అరలీటరు. ఇప్పుడు గుడారం చూడండి. ఇద్దరు పట్టే చిన్న గుడారంలో ఉండే గాలి మహా ఐతే రెండున్నర ఘనమీటర్లు. 10 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి మోయగల ఆవిరి 9.4 గ్రాములకు మించదు. ఈ లెక్కన ఆ గుడారంలోని గాలి ఎండి ఎడారిలా ఉన్నా 23 గ్రాములకే నిండిపోతుంది. వానరాత్రి గాలి ఎండి ఉండదు, నూటికి తొంభై అయిదు పాళ్లు అప్పటికే నిండి ఉంటుంది. మన ఊపిరి వేడికి లోపలి గాలి కాస్త వెచ్చబడి మరికొంచెం ఆవిరిని పట్టుకోవచ్చుగాక, ఆ గాలి తగిలేది బయటి చలితో సమానంగా చల్లబడ్డ గుడ్డను. తగిలినచోటనే నీరైపోతుంది. మూసిన గుడారం చెమర్చడానికి రాత్రంతా అక్కర్లేదు, మీరు కబుర్లు ముగించి దీపం ఆర్పే వేళకే మొదలవుతుంది.

చెమర్చడమన్నాను. పాఠ్యపుస్తకాలు దీన్ని సాంద్రీకరణమంటాయి. ఆ మాట నాలుక తిరగదని కాదు నా అభ్యంతరం, దానితో కళ్లముందు బొమ్మ కట్టదు. ఎండాకాలం కొత్తకుండ చెమర్చడం, పాలకూజా మూత కింద చుక్కలు పట్టడం ఎరిగిన ప్రతి ఇంట్లోనూ ఈ మాటలు ఉన్నాయి. (కుండ చెమర్చడంలో నీరు లోపలి నుంచి ఊరి వస్తుందనీ, చల్లటి చెంబుమీద పట్టే చెమ్మ మాత్రం గాలిలోంచి వస్తుందనీ పేచీ పెట్టేవారు ఉంటారు. వారి మాట నిజమే. గుడారం చెంబు జాతిది.)

"అబ్బే, మా గుడారంలో తుంపర పడింది, వానజోరుకు గుడ్డలోంచే జల్లు దిగింది, కళ్లారా చూశాం" అంటారు. జల్లు పడడం నిజం, గుడ్డలోంచి దిగడం భ్రమ. లోపలివైపు మంచుబిందువుల్లా పట్టుకొని ఉన్న చెమ్మను పైనుంచి పెద్ద చినుకులు దఢాలున కొట్టినప్పుడు అది చిట్లి ముఖాన పడుతుంది. తేడా కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కారే గుడారం ఒకచోట కారుతుంది, కుట్టు వెంబడో, జిప్పు మొదట్లోనో, తాడు కట్టిన మూలనో. అక్కడ కుట్టుకు పూసే జిగురు తెచ్చి పూస్తే సరిపోతుంది. కప్పంతా ఒకే తీరున తడిసి, వేలితో గీస్తే గీత పడుతున్నదంటే అది మీ ఊపిరే. వానే లేని రాత్రి కూడా అట్లాగే తడిసిందంటే మరి చెప్పనే అక్కర్లేదు.

వానలేని రాత్రి అంటే గుర్తొచ్చింది. మన విశాఖ మన్యంలో లంబసింగికి డిసెంబరు, జనవరి నెలల్లో చలి చూడడానికి వెళ్లి గుడారాల్లో పడుకునేవారు ఇప్పుడు ఎందరో. అక్కడ ఆ నెలల్లో వాన అరుదు. తెల్లారేసరికి మాత్రం గుడారం లోపల చుక్కలు జారుతుంటాయి. నిర్మలమైన ఆకాశం కింద గుడ్డ తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది, అంచేత వానరాత్రికంటే వెన్నెలరాత్రే ఎక్కువ చెమర్చడం కద్దు. ఈ గుడారం "కారింది" అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

ఇంకా పాత సాక్ష్యం కావాలంటే అంటార్కిటికా పోదాం. 1911లో, అక్కడి నడిచలికాలంలో, కెప్టెన్ స్కాట్ బృందంలోని విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ అనే ముగ్గురు ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు బండ్లు లాక్కుంటూ వెళ్లారు. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 60 డిగ్రీల దాకా పడింది. ఆ చలిలో వాన అనేది అసంభవం. ఐదువారాల తరువాత తిరిగి వచ్చేసరికి వాళ్ల పడక సంచుల బరువు బయల్దేరినప్పటికి రెట్టింపు దాటింది. అదంతా వాళ్ల ఊపిరీ చెమటా మంచుగడ్డ కట్టి చేరిన బరువే. సంచీలోకి దూరాలంటే ముందు దానిని ఒంటివేడితో కరిగించుకోవలసి వచ్చేది. ఈ ప్రయాణం గురించి చెర్రీ-గారార్డ్ రాసిన పుస్తకం 1922లో వచ్చింది, ఇంగ్లీషులో యాత్రాసాహిత్యం చదివేవారు దానిని వదలకూడదు. పడక సంచీలోకి తల ముడుచుకొని, మూతి కూడా లోపలే పెట్టి ఊపిరి వదిలే అలవాటున్న మిత్రులకు ఆ పుస్తకాన్ని ప్రత్యేకించి సూచిస్తున్నాను.

నేను గాలికంతలు తెరవమన్నప్పుడల్లా ఎదురొచ్చే వాదం ఒకటుంది, అది తెలివైన వాదమే. బయటి గాలే నూటికి తొంభై అయిదు పాళ్లు తడిసి ఉన్నప్పుడు దానిని లోపలికి పిలిచి ఏమి లాభం, ఇంకా తడి తెచ్చుకోవడం కాదా అని. లెక్క వేయండి. బయట 10 డిగ్రీల దగ్గర అటువంటి గాలి ఘనమీటరుకు సుమారు 8.9 గ్రాముల ఆవిరి మోసుకొస్తుంది. లోపల మన ఒంటివేడికి 15 డిగ్రీలకు చేరితే అదే గాలి 12.8 గ్రాముల దాకా మోయగలదు. వచ్చిన ప్రతి ఘనమీటరూ వెళ్తూ వెళ్తూ దాదాపు 4 గ్రాముల మన తడిని పట్టుకుపోతుంది. ఇద్దరు వదిలే 60 గ్రాములు పోవాలంటే గంటకు 15 ఘనమీటర్ల గాలి కావాలి, అనగా పది నిమిషాలకొకసారి గుడారంలోని గాలంతా మారాలి. పైన ఒక కంత, కింద ఒక సందు ఉండి, ఆకు కదిలేపాటి గాలి ఆడితే ఇది అసాధ్యమేమీ కాదు. కింద చల్లగాలి దూరుతుంది, వెచ్చని ఆవిరి పైకంత గుండా పోతుంది. ఒక్క కంతే తెరిచి, ఏమీ ప్రయోజనం లేదనేవారు ఉన్నారు. పొయ్యికి గొట్టం పెట్టి తలుపు మూసిన సామెత అది. గాలి బొత్తిగా స్తంభించిన రాత్రి ఎంత తెరిచినా కొంత చెమర్చక మానదు. దానికి మందు పాతతువాలు. దగ్గరపెట్టుకొని నడిరాత్రొకసారి, తెల్లారొకసారి తుడిచి, బయట పిండుకోవడమే.

చలి వేస్తుందంటారు. గుడారం దుప్పటి కాదు. ఆ పలుచని గుడ్డ గాలినీ వాననూ ఆపుతుందిగాని వెచ్చదనాన్ని నిలపదు. వెచ్చదనం పడక సంచీలో ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా కింద వేసుకునే పరుపులో ఉంటుంది. కంతలు మూసి మీరు సంపాదించేది రెండు మూడు డిగ్రీలు. దానికి బదులుగా పడక సంచీ తడిసి, దానిలోని ఈకలో దూదో ముద్దకట్టి పోగొట్టుకునేది అంతకు పదింతలు.

ఇక్కడే మరో మూర్ఖత్వం ఉంది. దానిని ఖండించేటప్పుడు వేళాకోళం మానేస్తాను. లోపల తడిగా ఉంది, ఆరబెడదామని గ్యాసుపొయ్యిని గుడారంలోకి తెచ్చి వెలిగించేవారు ఉన్నారు. పిల్లలు వణుకుతున్నారని వంటయ్యాక బొగ్గుల కుంపటిని లోపలికి జరిపేవారు ఉన్నారు. తడి సంగతే ముందు చూద్దాం. బ్యూటేను ఒక గ్రాము కాలితే ఒకటిన్నర గ్రాముల నీరు పుడుతుంది, ఇది ఇంటర్మీడియెట్ రసాయనశాస్త్రం. నూరు గ్రాముల గ్యాసు కాల్చి గుడారం ఆరబెడుతున్నామనుకునేవాడు గుడారంలోకి నూటయాభై గ్రాముల కొత్తనీటిని ఆవిరిగా పోస్తున్నాడు. వెచ్చగా ఉన్నంతసేపు ఆరినట్టే ఉంటుంది, మంట ఆర్పిన పావుగంటకు కప్పు నుంచి వాన మొదలవుతుంది. అదీ పోనివ్వండి, తడిస్తే ఆరుతాం. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. చల్లారిపోయిందనుకున్న కుంపటి కూడా గంటల తరబడి దానిని వదులుతూనే ఉంటుంది. తలనొప్పి వస్తుంది, మత్తుగా ఉంటుంది, ప్రయాణపు బడలిక అనుకొని నిద్రపోతారు. బ్రిటన్‌లో గుడారాల్లో ఇలా నిద్రపోయి లేవనివారి వార్తలు ఒకటి రెండు కాదు. మూసిన కంతలు, లోపల కుంపటి, ఈ రెండూ కలిస్తే తడి గురించి చింతించవలసిన అవసరమే ఉండదు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో చిన్నపిల్ల అర్ధరాత్రి వాంతి చేసుకొని అందరినీ లేపడం వల్ల నలుగురూ బయటపడ్డారు. దానిని వాళ్లు ఇప్పటికీ హోటలు తిండి మీదికి తోస్తారు! పొగమండే ఏ వస్తువైనా, ఆరినదైనా సరే, గుడారంలోకి గాని దాని వసారాలోకి గాని రాకూడదు. దీనిమీద నాతో వాదనకు ఎవరూ దిగవద్దు.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమంటే, ఇదంతా మనకు తెలియని విద్య కాదు. మన పల్లెల్లో తాటాకుపాక ఎలా కట్టేవారో తలుచుకోండి. నేలకంటే జానెడెత్తున అరుగు. నిట్రగా వాలిన కప్పు, గోడను దాటి బారెడు ముందుకు వంగిన చూరు. గోడకూ కప్పుకూ మధ్య సందు. వాననీరు చూరు వెంబడి గోడకు దూరంగా రాలుతుంది, పొయ్యి పొగా మనుషుల ఆవిరీ సందులోంచి పోతాయి. శ్రావణమాసపు ముసురులో ఆ పాకలో ఉన్నవాడెవడూ చూరు సందుల్లో గుడ్డలు కుక్కలేదు. ఇప్పటి రెండుపొరల గుడారం చేసే పని అక్షరాలా ఇదే. పైగుడారం కప్పు, లోగుడారం గది, రెంటి నడుమ బెత్తెడు సందు. చెమర్చేది పైపొర. ఆ నీరు పైపొర లోపలివైపుగా జారి నేలలోకి పోవాలి. అది జరగాలంటే రెండుపొరలూ ఒకదానికొకటి తగలకూడదు. నైలాను తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగువుగా కట్టిన గుడ్డ రాత్రికి వేలాడి లోగుడారాన్ని అంటుకుంటుంది, అంటుకున్నచోట తడి లోపలికి దిగుతుంది. పడుకోబోయే ముందు గొడుగు పట్టుకొనైనా ఒకసారి బయటికి వెళ్లి తాళ్లన్నీ మళ్లీ బిగించి వచ్చేవాడి గుడారం కారదు. ఆ రెండు నిమిషాలకు బద్ధకించి మరునాడు అంగడివాణ్ణి తిట్టేవాడికి నా సానుభూతి లేదు.

పాతకాలపు డేరాలే నయమని మా పెద్దల్లో ఒకరు వాదిస్తారు. కొంతవరకు నిజం. దళసరి నూలుగుడ్డ తడిసినప్పుడు పోగులు ఉబ్బి సందులు పూడుకుంటాయి, ఐనా ఆవిరిని కొంత వదులుతుంది, అంచేత తక్కువ చెమరుస్తుంది. లోపలి నుంచి దానిని భుజంతో రాసుకుంటే మాత్రం ఆ చోట ధార మొదలవుతుంది. బరువు సంగతి సరేసరి. అది మోయడానికి మనకు సర్కసు కంపెనీ ఏనుగులు లేవు.

అడుగున పరిచే పట్ట విషయంలో చేసే తప్పు మరీ చిత్రమైంది. గుడారం కింద పట్ట వేయడం మంచిదే, రాళ్లూ పుల్లలూ గుచ్చుకోవు. దానిని గుడారం కంటే పెద్దది తెచ్చి నాలుగువైపులా జానెడు బయటికి వదిలి, అది ఏదో ముంగిలి అన్నట్టు చెప్పులు విడుస్తారు. పైగుడారం మీద నుంచి జారిన నీరంతా ఆ జానెడుమీద పడి, పట్టకూ గుడారపు నేలకూ నడుమ దూరి, మీ వీపు కింద చెరువు కడుతుంది. పట్ట గుడారపు నేలకంటే అన్నివైపులా రెండంగుళాలు చిన్నదై ఉండాలి, లేదా అంచు లోపలికి మడవాలి. అమెరికాలో పడవయాత్రల రచయిత క్లిఫ్ జేకబ్‌సన్ అసలు పట్టను గుడారం లోపల, అంచులు గోడలమీదికి కొంచెం ఎక్కేలా పరవమంటాడు. మోకాలి ఒత్తిడికి నేలలోంచి ఉబికే తడిని అది ఆపుతుంది గనక నేను ఆయన పక్షమే, కాకపోతే రాళ్లనేల మీద గుడారపు నేలకు రక్షణ ఉండదు.

గుడారం చుట్టూ కాలువ తవ్వడం ఎన్.సి.సి. శిబిరాల నుంచి కొందరికి పట్టుకున్న అలవాటు. ఇక్కడి కొండల్లో గడ్డి తవ్వితే ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం. కాలువ కావలసి వచ్చిందంటే చోటు ఎంపికే తప్పు. పల్లం వదిలి కాస్త మెరక మీద, ఏటి ఒడ్డుకు దూరంగా వేస్తే కాలువతో పనిలేదు. పల్లంలో చల్లగాలి కూడా వచ్చి నిలుస్తుంది, చెమర్చడమూ ఎక్కువే.

తడిబట్టల గురించి ఒక్కమాట. వానలో నడిచివచ్చిన కోటూ ప్యాంటూ గుడారం లోపల తాడుకట్టి ఆరవేస్తే అవి ఆరవు, వాటి నీరు మీ పడకమీదికి మకాం మారుస్తుంది. వసారాలోనే విప్పి, సంచీలో కుక్కి, అక్కడే వదిలేయండి. పొద్దున్నే తడికోటు తొడుక్కోవడం బాధే, ఐదునిమిషాల బాధ.

తిరుగు ప్రయాణంలో వాన ఆగకపోతే పైగుడారాన్ని నిలిపే ఉంచి దాని కింద లోగుడారాన్ని విప్పి పొడిగా మడిచి సంచీలో పెట్టుకోవాలి (కొన్ని గుడారాలకు ఈ వీలు ఉండదు, కొనేటప్పుడు ఐదువేల అంకెకు బదులు అడగవలసిన ప్రశ్న ఇదే). పైగుడారాన్ని చివర దులిపి వేరే సంచీలో వేయాలి. ఇల్లు చేరిన రోజే మెట్ల కటకటాల మీదో, స్నానాలగదిలో తాడుమీదో పరచి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగుడారాన్ని అటకమీద పడేస్తే బూజు పడుతుంది, పాలియురేథేన్ పూత క్రమంగా చివికి జిగటగా మారి పుల్లటి కంపు కొడుతుంది. అప్పుడది నిజంగానే కారుతుంది.